తల్లికీ బిడ్డకీ మధ్య ఒక సామ్రాజ్యం

1847 ఆగస్టు 7. లాహోర్ కోటలో దర్బారు నిండుగా ఉంది. గద్దె మీద కూర్చున్న మహారాజుకు ఇంకా తొమ్మిదేళ్లు నిండలేదు. పేరు దలీప్ సింగ్. ఆయన ఎదుట సేనాని తేజ్ సింగ్ తల వంచుకుని ఉన్నాడు. అతనికి ఆ రోజు సియాల్‌కోట్ రాజాగా పట్టం. పిల్లవాడు చేయాల్సిందల్లా కేసరిలో వేలు ముంచి అతని నుదుట బొట్టు పెట్టడమే. తంతును దగ్గరుండి నడిపిస్తున్నవాడు బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ లారెన్స్.

పిల్లవాడు చేతులు కట్టేసుకుని వెనక్కి ఒరిగి కూర్చున్నాడు. ఎంతమంది బతిమాలినా ఆ చేతులు విడలేదు. చివరికి ఒక మతపెద్ద చేత బొట్టు పెట్టించి పని అయిందనిపించారు.

తేజ్ సింగ్ అంటే ఆ ఇంట్లో ఎందుకంత అసహ్యమో లాహోర్‌లో అందరికీ తెలుసు. ఏడాదిన్నర కిందట సట్లెజ్ ఒడ్డున సిక్కు సైన్యం ప్రాణాలొడ్డి పోరాడుతుంటే దాన్ని వదిలేసి నది దాటి పారిపోయిన సేనాపతి అతడు. అలాంటివాడికి ఇంగ్లిషువాళ్లు ఇప్పుడు రాజా బిరుదు ఇస్తున్నారు. ఆ బిరుదు పసివాడి చేతుల మీదుగా పోవాలని వాళ్ల పట్టుదల. లారెన్స్‌కు అనుమానమే అక్కర్లేకపోయింది. చేతులు కట్టుకున్నది కొడుకే గానీ కట్టించింది తల్లి అని తేల్చేశాడు. తల్లిని పిల్లవాడి నుంచి వేరు చేయాలని అక్కడే నిర్ణయమైపోయింది. గవర్నర్ జనరల్ హార్డింజ్ ఆమోదం కూడా వచ్చింది.

ఆ నెల దాటలేదు. ఒక సాయంత్రం దలీప్‌ను షాలిమార్ తోటకు పంపించారు. పిల్లవాడు అటు వెళ్లాక ఇటు రాణి జిందాన్‌ను కోటలోంచి తీసుకెళ్లి షేఖుపురా కోటలో పెట్టారు. కొడుకును దగ్గరకు తీసుకుని చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పే వ్యవధి కూడా ఆమెకు ఇవ్వలేదు. షేఖుపురా నుంచి ఆమె లారెన్స్‌కు రాసిన ఉత్తరాలు మిగిలాయి. కన్నబిడ్డను తల్లి నుంచి ఎందుకు విడదీశారని అందులో నిలదీసింది. వాడికి తోబుట్టువులు లేరు, బాబాయిలూ పెదనాన్నలూ లేరు, తండ్రి ఎప్పుడో పోయాడు, ఇప్పుడు వాణ్ని ఎవరికి అప్పగించారని అడిగింది. రాజకీయం తెలిసిన మనిషి రాసిన ఉత్తరమే అయినా చదువుతుంటే అందులో ముందు వినిపించేది కడుపుకోతే.

ఆ బిడ్డను ఆమె మళ్లీ తాకింది 1861 జనవరిలో. మధ్యలో పదమూడేళ్లు గడిచిపోయాయి. పంజాబ్‌ను ఇంగ్లిషువాళ్లు ఎలా కాజేశారని అడిగితే పుస్తకాలు యుద్ధాల పేర్లు, ఒప్పందాల తేదీలు చెబుతాయి. అవన్నీ నిజమే. కానీ నా మట్టుకు నాకు, ఆ కబ్జాకు అసలు పునాది పడింది ఆ ఆగస్టు సాయంత్రమే. గద్దె మీద పసివాడు ఉన్నంతకాలం రాజ్యం పేరుకు సిక్కులదే. ఆ పసివాడి పక్కన జిందాన్ ఉన్నంతకాలం అది నిజంగానే సిక్కులది.

*

జిందాన్ అసలు పేరు జింద్ కౌర్. 1817లో గుజ్రాన్‌వాలా ప్రాంతంలో పుట్టింది. తండ్రి మన్నా సింగ్ ఔలఖ్ మహారాజా రంజిత్ సింగ్ వేటకుక్కల్ని చూసుకునే కొలువులో ఉండేవాడు. అంటే సంస్థానాల సంబంధం కాదు, కట్నకానుకల బలం కాదు. 1835లో ముసలితనంలో ఉన్న రంజిత్ సింగ్ ఆమెను పెళ్లి చేసుకున్నాడు. 1838 సెప్టెంబర్‌లో దలీప్ పుట్టాడు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండాయో లేదో, 1839 జూన్ 27న రంజిత్ సింగ్ కన్నుమూశాడు.

ఆ తర్వాతి నాలుగేళ్లలో లాహోర్ కోట వారసులను ఒక్కొక్కరినే మింగేసింది. పెద్ద కొడుకు ఖడక్ సింగ్ 1840 నవంబర్‌లో చనిపోయాడు. తండ్రికి నిప్పు పెట్టి తిరిగొస్తున్న అతని కొడుకు నౌనిహాల్ సింగ్ మీద ద్వారం రాళ్లు విరిగిపడి అతడూ పోయాడు. ఖడక్ సింగ్ భార్య చాంద్ కౌర్‌ను 1842లో చంపించారు. 1843 సెప్టెంబర్ 15న, తర్వాత గద్దెక్కిన షేర్ సింగ్‌ను, చిన్నవాడైన అతని కొడుకును, వజీరు ధ్యాన్ సింగ్‌ను ఒకే రోజు నరికేశారు. ఇక వంతు ఐదేళ్ల దలీప్‌ది. అతణ్ని గద్దె మీద కూర్చోబెట్టారు.

కూర్చోబెట్టినవాళ్ల లెక్కలో తల్లి లేదు. పసివాడి పేరు చెప్పుకుని పెత్తనం చేద్దామనుకున్నారు. జిందాన్‌కు అప్పుడు ఇరవయ్యారేళ్లు. సిక్కుల ఖాల్సా సైన్యంలో ఆ రోజుల్లో పంచాయతులు ఉండేవి. సిపాయిలు తమ ప్రతినిధులను తామే ఎన్నుకుని, జీతాల దగ్గర్నుంచి వజీర్ల నియామకం దాకా తమ మాట నెగ్గించుకునేవారు. దర్బారులోని పెద్ద సర్దార్లు ఆ పంచాయతులను చూసి వణికేవారు. జిందాన్ నేరుగా వాళ్లతోనే మాట్లాడింది. 1844 డిసెంబర్‌లో వజీరు హీరా సింగ్ సైన్యం చేతిలో హతమయ్యాక పగ్గాలు ఆమె చేతికి వచ్చాయి. పరదా పక్కన పెట్టి దర్బారు చేసింది, సేనలను తనిఖీ చేసింది. సిపాయిల జీతాలు పెంచింది. బలమైన అట్టారీ వంశపు చత్తర్ సింగ్ కూతురిని దలీప్‌కు నిశ్చయం చేసి ఒక పెద్ద సర్దారును తనవైపు తిప్పుకుంది. లాహోర్ జనం ఆమెను మాయీ సాహిబ్ అన్నారు.

*

ఇక 1845 సెప్టెంబర్ 21 దగ్గర ఆగాలి. ఆ రోజును దాటేసి జిందాన్ గురించి మాట్లాడటం అన్యాయం.

వజీరు పదవిలో అప్పుడు ఉన్నది ఆమె అన్న జవాహిర్ సింగ్. రంజిత్ సింగ్ మరో కొడుకు పెషౌరా సింగ్ తిరుగుబాటు చేసి, లొంగిపోయాక అటక్‌లో హత్యకు గురయ్యాడు. ఆ నెత్తురు జవాహిర్ సింగ్ చేతులకే అంటిందని సైన్యం తీర్మానించుకుంది. మహారాజా రక్తాన్ని చిందించినవాడు సంజాయిషీ ఇచ్చుకోవాలని నగరం వెలుపల మియాన్ మీర్ మైదానానికి రమ్మని కబురు పెట్టింది.

జవాహిర్ సింగ్ ఏనుగెక్కి బయలుదేరాడు. ఒళ్లో దలీప్‌ను కూర్చోబెట్టుకున్నాడు, మేనల్లుడు ఒళ్లో ఉంటే తన మీద చెయ్యి వేయరని. మరో ఏనుగు మీద జిందాన్. మైదానంలో బెటాలియన్లు బారులు తీరి ఉన్నాయి. సిపాయిలు ముందు జిందాన్‌ను దింపి గుడారంలోకి తీసుకెళ్లారు. తర్వాత అన్న ఒళ్లోంచి పిల్లవాణ్ని లాక్కున్నారు. ఆ మరుక్షణం బల్లేలు, తుపాకులు. ఏడేళ్ల బిడ్డ కళ్లెదుట మేనమామ నెత్తురు కారుతూ కూలిపోయాడు.

ఆ రాత్రంతా ఆమె గుండెలు బాదుకుంటూ ఏడ్చిన ఏడుపు మైదానమంతా వినిపించిందని ఆనాటివాళ్లు రాశారు. మర్నాడు దహనానికి శవం తీసుకెళుతుంటే వెంట నడిచింది. అన్న భార్యలు చితిలో కాలిపోవడం చూసింది. కొన్ని రోజులకు మళ్లీ దర్బారుకు వచ్చి, అన్నను చంపిన సైన్యం ముందే పాలన సాగించింది. ఇంట్లో కర్మలైనా పూర్తి కాకముందే ఎదురుగా ఉన్న హంతకులతోనే రాజ్యాన్ని కాపాడుకోవాల్సి రావడం ఎంత నరకమో ఊహించుకోండి. ఆమె వయసు అప్పుడు ఇరవై ఎనిమిది.

ఇంగ్లిషు రాతల్లో ఇక్కడే మెలిక ఉంది. అన్న చావుకు పగ తీర్చుకోవడానికే ఆమె ఖాల్సా సైన్యాన్ని సట్లెజ్ దాటించి, ఇంగ్లిషు ఫిరంగుల పాలు చేసిందని వాళ్లు రాశారు. కొందరు మన చరిత్రకారులూ దాన్నే తిరిగి రాశారు. నేను ఒప్పుకోను. ద్రోహం చేసినవాళ్ల పేర్లు దాపరికం లేకుండా కనిపిస్తూనే ఉన్నాయి. వజీరు లాల్ సింగ్ యుద్ధకాలంలోనే ఫిరోజ్‌పూర్‌లో ఉన్న ఇంగ్లిషు అధికారి పీటర్ నికల్సన్‌తో ఉత్తరాలు నడిపాడు. తేజ్ సింగ్ సంగతి ముందే చెప్పాను. సట్లెజ్ అవతల ఈస్టిండియా కంపెనీ ఏళ్ల తరబడి సేనలు పెంచుతూ, నది మీద వంతెనకు పడవలు సిద్ధం చేసుకుంటూ ఉంది. యుద్ధం ఎటూ వచ్చేదే. జిందాన్‌కు సైన్యాన్ని నాశనం చేయాలని ఉంటే, ఇంట్లో విశ్రాంతిగా ఉన్న వృద్ధ సేనాని శ్యామ్ సింగ్ అట్టారీవాలాకు యుద్ధానికి రమ్మని కబురు పంపేదా? ఆయన తెల్లబట్టలు కట్టుకుని వచ్చాడు. 1846 ఫిబ్రవరి 10న సొబ్రాఁవ్‌లో వెనక్కి తిరగకుండా పోరాడి నేలకొరిగాడు.

ఓటమి తర్వాత లాహోర్ ఒప్పందం వచ్చింది. కోటిన్నర రూపాయల పరిహారం అడిగారు. ఖజానాలో అంత డబ్బు లేదు. కోటి రూపాయల కింద కాశ్మీరుతో సహా కొండ ప్రాంతాలు లాక్కుని, కాశ్మీరును 75 లక్షలకు జమ్మూ రాజా గులాబ్ సింగ్‌కు అమ్మేశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో భైరోవాల్ దగ్గర మరో ఒప్పందం. దాని ప్రకారం దలీప్‌కు పదహారేళ్లు నిండేవరకు, అంటే 1854 సెప్టెంబర్ 4 దాకా, ఎనిమిది మంది సర్దార్ల మండలి బ్రిటిష్ రెసిడెంట్ కింద పాలిస్తుంది. కాపలాగా ఉండే ఇంగ్లిషు సేనకు లాహోర్ ఏటా 22 లక్షలు కట్టాలి. జిందాన్‌కు ఏటా లక్షన్నర భరణం ఇచ్చి, పాలనతో ఇక ఏ సంబంధమూ లేదన్నారు.

ఆమె ఊరుకోలేదు. సర్దార్లను పిలిపించి మాట్లాడేది, దానాలు చేసేది, కొడుకుకు తండ్రి కథలు చెప్పేది. ఇంగ్లిషువాళ్ల దృష్టిలో ఇవన్నీ కుట్రలే. అందుకే ఆగస్టులో తిలకం నిరాకరణ వాళ్లకు చక్కని సాకైంది.

ఇదే సమయంలో నిందల మోత మొదలైంది. రోము చరిత్రలో కామానికి మారుపేరుగా చెప్పుకునే రాణి మెస్సలీనా పేరు తెచ్చి జిందాన్‌కు తగిలించారు. లాల్ సింగ్‌తో ముడిపెట్టి అచ్చులోకి ఎక్కించారు. మగరాజు అంతఃపురంలో ఎంతమంది ఉన్నా అది వైభవం. విధవరాలు గద్దె దగ్గర కూర్చుని మగాళ్లతో రాజకీయం మాట్లాడితే ముందు ఆమె శీలం మీద బురద పడుతుంది. ఆ బురద ఒట్టి తిట్టు కాదు. తల్లి చెడ్డదైతే బిడ్డను ఆమె నుంచి తప్పించడం పుణ్యకార్యం అవుతుంది. బిడ్డను తప్పించాక రాజ్యం నోరు లేనిది అవుతుంది. ఇది ఎంత లెక్క ప్రకారం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

*

షేఖుపురాలో భరణం 48 వేలకు తగ్గింది. 1848 ఏప్రిల్‌లో ముల్తాన్‌లో ఇద్దరు ఇంగ్లిషు అధికారులు హతమయ్యారు. ఆ తిరుగుబాటుకు కొనసాగింపుగా లాహోర్‌లో కుట్ర ఒకటి బయటపడిందంటూ మే నెలలో ఆమెను పంజాబ్ నుంచే వెళ్లగొట్టి బనారస్‌కు పంపారు. భరణం 12 వేలైంది. నగలు లాక్కున్నారు. ఖాల్సా సిపాయిలు తమ తల్లిని దేశం దాటించారని అట్టుడికిపోతున్నారని లాహోర్ రెసిడెంటే పైకి నివేదిక పంపాడు. కొత్త గవర్నర్ జనరల్ డల్హౌసీ 1849 జనవరిలో రాసిన ఒక ఉత్తరంలో, పంజాబ్ మొత్తానికి మగధీరత్వం గల బుద్ధి ఆమె ఒక్కదానిదేనని, ఆమె తిరిగొస్తే తిరుగుబాటుకు లేని నాయకత్వం దొరుకుతుందని ఒప్పుకున్నాడు. పైకి మెస్సలీనా, లోపల ఈ భయం.

తిరుగుబాటు అణిగాక, 1849 మార్చి 29న లాహోర్‌లో పదేళ్ల దలీప్ చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. రాజ్యం పోయింది. కోహినూర్ ఇంగ్లండు రాణికి పోయింది.  తల్లి ఎక్కడో గంగ ఒడ్డున బందీ.

మీర్జాపూర్ దగ్గర గంగలోకి చొచ్చుకుని ఉండే కొండ మీద చునార్ కోట ఉంది. ఏప్రిల్ మొదట్లో ఆమెను అక్కడికి మార్చారు. పట్టుమని పదిహేను రోజులు కాలేదు. ఏప్రిల్ 19 నాటికి గదిలో రాణి లేదు. పనిమనిషి వేషంలో కాపలా దాటి బయటపడింది. మీ తాళాలూ మీ పహరాలూ నన్ను ఆపలేకపోయాయి అనే అర్థం వచ్చేలా చీటీ రాసిపెట్టి మరీ వెళ్లింది. అక్కడి నుంచి ఉత్తరంగా నేపాల్ దాకా, ఏప్రిల్ ఎండల్లో, వెంట పడుతున్న ప్రభుత్వాన్ని తప్పించుకుంటూ పది రోజుల ప్రయాణం. ఏప్రిల్ 29న ఖాట్మండు చేరింది. ప్రధాని జంగ్ బహదూర్ థాపాథలీలో ఇల్లు ఇచ్చి, భరణం ఏర్పాటు చేశాడు. ఆశ్రయం ఇచ్చిన చేత్తోనే కాపలా కూడా పెట్టాడు. ఖాట్మండులోని ఇంగ్లిషు రెసిడెంట్ కన్ను ఎప్పుడూ ఆ ఇంటి మీదే. అక్కడ ఆమె పదకొండేళ్లు గడిపింది. చూపు పోతూ వచ్చింది.

ఇటు కొడుకును డాక్టర్ జాన్ లాగిన్ అనే ఇంగ్లిషు సంరక్షకుడి చేతిలో పెట్టి ఫతేగఢ్‌కు తరలించారు. 1853లో కేశాలు కత్తిరించుకుని క్రైస్తవంలో కలిశాడు. మరుసటి ఏడాది ఇంగ్లండు వెళ్లాడు. విక్టోరియా రాణి ముద్దు చేసింది. చిత్రకారుడు వింటర్‌హాల్టర్ పట్టుబట్టలు, ముత్యాలతో అతని నిలువెత్తు బొమ్మ వేశాడు. అది 1854. భైరోవాల్ ఒప్పందం ప్రకారం లాహోర్ గద్దెను అతనికి తిరిగి అప్పగించాల్సిన సంవత్సరం.

*

1861 జనవరి 16, కలకత్తాలోని స్పెన్సెస్ హోటల్. అమ్మను చూడాలని దలీప్ పెట్టుకున్న అర్జీలకు చివరికి అనుమతి వచ్చింది. రాణి పూర్తిగా మారిపోయింది, చూపు లేదు, మునుపటి చురుకుదనం లేదని ఖాట్మండు నుంచి రెసిడెంట్ రాసిన మాట పని చేసింది. ఇక ప్రమాదం లేదనుకున్నారు.

ఆమెకు నలభై మూడేళ్లు. చూసినవాళ్లు ముసలావిడ అన్నారు. కొడుకుకు ఇరవై రెండు. తొమ్మిదేళ్లప్పుడు విడిచిన బిడ్డ ముఖాన్ని కళ్లతో కాదు, చేతులతో తడిమి తెలుసుకోవాల్సి వచ్చింది. తల మీద చెయ్యి వేసినప్పుడు జుట్టు ముడి తగలకపోవడంతో రాజ్యం పోయిన దానికన్నా ఎక్కువగా దానికి ఏడ్చిందని పంజాబ్‌లో చెప్పుకుంటారు. ఇకపై బిడ్డను విడిచి ఉండనని అక్కడికక్కడే తేల్చి చెప్పింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చైనా యుద్ధం ముగించుకుని సిక్కు పటాలాలు ఓడల్లో కలకత్తాకు దిగాయి. తమ మహారాజు, మాయీ సాహిబ్ హోటల్లో ఉన్నారన్న వార్త పాకింది. వందల మంది సిపాయిలు హోటల్ చుట్టూ చేరి జయకారాలు పలికారు. వాళ్లు బ్రిటిష్ జీతం తింటున్న సిపాయిలే. ఆ రాజ్యం పోయి పన్నెండేళ్లయింది. అయినా చూపు లేని ఒక తల్లి పేరు వింటే చాలు, పోగయ్యారు. గవర్నర్ జనరల్ కానింగ్‌కు చెమటలు పట్టి, వెంటనే అమ్మను తీసుకుని ఇంగ్లండు వెళ్లిపొమ్మని దలీప్‌ను కోరాడు.

లండన్‌లో లాంకాస్టర్ గేట్ దగ్గర కాపురం. లాగిన్ గారి భార్య ఆమెను కలిసినప్పటి సంగతి రాసిపెట్టింది. మన పంజాబీ బట్టల మీద ఇంగ్లిషు గౌను, ముత్యాలు, పచ్చలు. ఆ రాతలో వింతను చూసిన కుతూహలమే ఎక్కువ. నాకు మాత్రం, ఏ దేశంలో బతకాల్సి వస్తే ఆ దేశపు బట్టను ఒంటి మీద వేసుకుని, దాని కింద తన బట్టను వదలని మనిషి కనబడుతుంది.

యార్క్‌షైర్‌లో దలీప్ అద్దెకు తీసుకున్న మల్‌గ్రేవ్ కోటలో తల్లీకొడుకులు కలిసి ఉన్నారు. ఆమె కొడుకుకు ఒకటే పని పెట్టుకుంది, చెప్పడం. మీ నాన్న ఎవరు, మన ఊళ్లు ఏవి, రాజ్యంతో సంబంధం లేని సొంత భూములు ఏవి, ఉప్పు గనులు ఏవి, ఏది ఎలా పోయింది అని. అప్పటిదాకా వేటలూ విందులూ తప్ప మరో ధ్యాస లేని దలీప్ నోట పంజాబ్‌లో తన సొంత ఆస్తుల ప్రస్తావన మొదలైంది. అది వింటూనే లాగిన్, రాజాస్థానం పెద్దలు కంగారుపడి, అమ్మకు వేరే ఇల్లు ఏర్పాటు చేయాలని పట్టుబట్టారు. 1847లో వేసిన ఎత్తే మళ్లీ వేశారు. కెన్సింగ్టన్‌లో అబింగ్డన్ హౌస్‌కు ఆమెను మార్చారు. 1863 ఆగస్టు 1న అక్కడే చనిపోయింది. వయసు నలభై ఆరు.

ఇంగ్లండులో అప్పటికి దహనం చేసే వీలు లేదు. శవాన్ని కెన్సల్ గ్రీన్ శ్మశానంలోని ప్రార్థనాలయంలో నెలల తరబడి ఉంచారు. తనను పంజాబ్‌లో దహనం చేయాలని ఆమె కోరిక. 1864లో దలీప్ ఓడలో తల్లిని బొంబాయికి తెచ్చాడు. అక్కడి నుంచి ముందుకు వెళ్లనివ్వలేదు. ప్రాణం లేని శరీరాన్ని కూడా లాహోర్ చేరనివ్వడానికి సామ్రాజ్యం జంకింది. చివరికి నాసిక్‌లో గోదావరి ఒడ్డున కొడుకు చితి ముట్టించాడు. బాసర, ధర్మపురి, భద్రాచలం, రాజమండ్రి మీదుగా మన దగ్గరికి వచ్చే గోదావరే అది. పుష్కరాలకు నాసిక్ వెళ్లివచ్చే తెలుగువాళ్లు ఎందరో. అక్కడ పంచవటి చూస్తారు, రాముణ్ని తలుచుకుంటారు. ఈ పంజాబీ తల్లిని కూడా ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

*

ఆమె కొడుకుతో కలిసి ఉన్నది రెండున్నరేళ్లే. ఆ మాటలు ఇరవై ఏళ్ల తర్వాత మొలకెత్తాయి. 1884లో దలీప్ తనకు జరిగిన అన్యాయాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. 1886లో కుటుంబంతో ఇండియాకు ఓడెక్కాడు. ఏడెన్‌లో ఆపేశారు. అక్కడే అమృతం తీసుకుని మళ్లీ సిక్కు అయ్యాడు. తర్వాత రష్యా సాయం కోసం తిరిగాడు, కుదరలేదు. 1893లో పారిస్‌లో చనిపోయాడు. ఓడిపోయినవాడే, నిజం. కానీ విక్టోరియా దర్బారులో అలంకారంగా మిగిలిపోవాల్సిన మనిషి అలా మిగిలిపోలేదు.

అతని కూతురు సోఫియా లండన్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం రోడ్డెక్కింది. 1910 నవంబర్ 18న పార్లమెంటు ముందు పోలీసులు ఆడవాళ్లను చితకబాదిన ఊరేగింపులో ముందు వరుసలో ఉంది. ఓటు లేనిదే పన్ను కట్టనని మొండికేసింది. పెద్ద కూతురు బంబా పూర్తి పేరులో నాయనమ్మ ఉంది, బంబా సోఫియా జిందాన్. ఆమె లాహోర్ వెళ్లి స్థిరపడింది. 1924లో నాసిక్ నుంచి నాయనమ్మ అస్థికలను తెప్పించి, లాహోర్‌లో రంజిత్ సింగ్ సమాధి దగ్గర ఉంచింది. దేశ విభజన జరిగి సిక్కులంతా తరలిపోయినా బంబా ఆ ఊరు వదల్లేదు. 1957లో అక్కడే చనిపోయింది. 2024 వరకు జూన్‌లో రంజిత్ సింగ్ వర్ధంతికి భారత్ నుంచి సిక్కు యాత్రికులు సరిహద్దు దాటి ఆ సమాధికి వెళుతుండేవారు. 1864లో బొంబాయి దాటనివ్వని జిందాన్ ఉన్నది అక్కడే.